బీరువా వెనకాల నల్ల బూజు

మా చిన్నోడికి రెండు నెలలైనా దగ్గు తగ్గట్లేదు, పోర్టు దుమ్ము అని నేను, ఐస్‌క్రీమ్ అని అత్తయ్య, ఇలా వాదించుకుంటూనే నాలుగు సిరప్ సీసాలు ఖాళీ చేసేశాం. మేముండేది వైజాగ్‌లో కాన్వెంట్ జంక్షన్ దగ్గర, పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు, అంత నల్లగా, అందుకే కిటికీలు తీసేవాళ్ళమే కాదు.

మొన్న పెయింట్ వేయిద్దామని బీరువా జరిపితే వెనకాల గోడంతా నల్లటి చుక్కలు, ముట్టుకుంటే చల్లగా చెమ్మ, పెచ్చులు రాలిపడ్డాయి, ఒకటే ముక్కిన వాసన. అవతలిపక్క బాత్రూమ్, లోపల పైపు కారుతోందట. ఓనరు గారేమో "సముద్రం పక్కన ఊరండీ, మామూలే" అనేశారు! గాల్లో తేమ 60 శాతం దాటితే బూజుకి పండగే, మన వైజాగ్‌లో దాటని రోజులెన్ని చెప్పండి.

దానికి తోడు తలుపులన్నీ మూసేసి రాత్రంతా దోమల కాయిల్. ఒక్క కాయిల్ పొగలో వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది, అది చదివినప్పుడు మా ఆయన మొహం చూడాలి, సిగరెట్లు మానేశానని మురిసిపోతున్న మనిషి పాపం.

ఇప్పుడు దోమతెర కట్టాం, పైపు మార్పించాం (సగం డబ్బులు మావే), తెల్లారగానే లారీలు మొదలవకముందే కాసేపు కిటికీలు తీస్తున్నా. దగ్గు చాలావరకు తగ్గింది. అత్తయ్య మాత్రం ఇంకా ఐస్‌క్రీమే అంటున్నారు.