మోటారు పైకెత్తాకే నిద్ర: గ్రెనడా నుంచి ట్రినిడాడ్‌కి తెరచాప పడవలో

గ్రెనడా దక్షిణ తీరం నుంచి ట్రినిడాడ్‌లోని షాగరామాస్ రేవుకి దాదాపు 80 నాటికల్ మైళ్లు. అంటే 150 కిలోమీటర్లకి కాస్త తక్కువ, మన విజయవాడ నుంచి రాజమండ్రి అంత. కారులో అయితే మధ్యలో టీ తాగినా మూడు గంటల్లో వెళ్లిపోతాం. తెరచాప పడవ గంటకి ఐదారు నాటికల్ మైళ్లు నడుస్తుంది కాబట్టి రాత్రంతా పడుతుంది. ఆ రాత్రి గురించే కరీబియన్‌లో పడవల వాళ్లు కథలు కథలుగా చెప్పుకుంటారు. కుడిచేతి వైపు వెనెజువేలా, ఆ వైపు నుంచి వచ్చే సముద్రపు దొంగల భయం ఉంటాయి మరి.

మా పెద్దమ్మ కొడుకు హ్యూస్టన్‌లో ఉద్యోగం మానేసి, 38 అడుగుల పాత పడవ కొని, వదినతో కలిసి ఆ ద్వీపాల మధ్య తిరుగుతున్నాడు. అక్కడ తుఫాన్ల సీజన్ జూన్ 1న మొదలై నవంబరు 30 దాకా ఉంటుంది. 2024 జూలై 1న బెరిల్ తుఫాను గ్రెనడాకి చెందిన కారియాకూ ద్వీపం మీద పడి, మడ అడవుల్లో దాచుకున్న పడవల్ని కూడా ఒకదాని మీదికి ఒకటి తోసేసింది. అది చూశాక అన్నయ్య మరుసటి ఏడాది సీజన్‌కి ట్రినిడాడ్ దిగిపోదామని తేల్చేశాడు. ట్రినిడాడ్ ఇంకా దక్షిణాన, తుఫాన్లు మామూలుగా వెళ్లే దారికి కిందుగా ఉంటుంది. అక్కడ పడవని ఒడ్డుకెక్కించి ఉంచే యార్డులు చాలా ఉన్నాయి. "రాత్రి కాపలాకి ఇంకో మనిషి కావాల్రా, నువ్వైతే సముద్రం ఎరిగినవాడివి" అని ఫోన్ చేశాడు. 2025 జూన్‌లో వెళ్లాను.

నేను విశాఖపట్నం వాణ్ని. మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేశాను. సోమాలియా దొంగలు విజృంభించిన రోజుల్లో ఏడెన్ సింధుశాఖ గుండా వెళ్లాం. ఓడ చుట్టూ ముళ్లకంచె, అంచుల మీంచి కిందికి ధారలు కట్టే నీటి గొట్టాలు, దొంగలు ఎక్కితే అందరం దూరి తలుపు బిగించుకోవడానికి లోపల ఒక గది. వేగమే అన్నిటికంటే పెద్ద రక్షణ అని మాకు నూరిపోసేవారు. సరుకు ఖాళీ చేసిన ఓడ అంచు నీటి మీంచి రెండు మూడు అంతస్తుల ఎత్తులో ఉంటుంది, నిచ్చెన లేకుండా ఎవడూ ఎక్కలేడు. అన్నయ్య పడవ అంచు మీద కూర్చుంటే కాళ్లు నీళ్లకి తగులుతాయి. ఇక వేగమా, మంచి సైకిలు దాన్ని దాటిపోతుంది. నేను నేర్చుకున్న వాటిలో ఏదీ ఇక్కడ పనికిరాదని మొదటి గంటలోనే తెలిసిపోయింది.

పనికొచ్చేవి ప్రిక్లీ బే అనే చోట తెలిశాయి. గ్రెనడా దక్షిణాన ఉన్న ఆ అఖాతంలో డజన్ల కొద్దీ పడవలు లంగరేసుకుని ఉంటాయి. ఒడ్డుకి వెళ్లి కూరగాయలు తెచ్చుకోవాలన్నా, నీళ్లు పట్టుకోవాలన్నా డింగీయే గతి. గాలి నింపిన చిన్న రబ్బరు పడవ, దాని వెనక ఔట్‌బోర్డ్ మోటారు. పడవల వాళ్లకి అదే స్కూటరు, అదే కారు. చీకటి పడగానే అన్నయ్య తెరచాపని ఎత్తే తాడుని డింగీకి తగిలించి, తాడు చుట్టే వించి తిప్పి, మోటారుతో సహా డెక్ అంచు దాకా లేపేవాడు. ఆ పైన వేలు లావు స్టీలు కేబులు, తాళం. ఒక్కరోజు కూడా మానలేదు. వాన కురుస్తున్నా, వదిన అన్నం చల్లారిపోతోందని పిలుస్తున్నా, ముందు ఆ పని అయ్యాకే లోపలికి దిగేవాడు. ఎత్తు, తాళం వెయ్యి, లేదా పోగొట్టుకో అని అక్కడి పడవల వాళ్ల మధ్య ఒక సామెతలా నడుస్తుంది.

మా పక్కన లంగరేసిన వాళ్లు ఎత్తలేదు. భార్యాభర్తలిద్దరూ ఆ సాయంత్రం ఎవరింటికో విందుకి వెళ్లి ఆలస్యంగా వచ్చారు, డింగీని పడవ వెనకే తాడుతో కట్టేసి పడుకున్నారు. తెల్లారేసరికి తాడు ముక్క మాత్రమే వేలాడుతోంది, కత్తితో కోసినట్టు నున్నగా. మధ్యాహ్నానికి డింగీ ఒక రాళ్ల ఒడ్డున దొరికింది. మోటారు లేదు. పెట్రోలు డబ్బా కూడా లేదు. తెడ్లు మాత్రం ఉంచారు, పాపం.

అది చూసి నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. మన భీమిలి దగ్గరో, కాకినాడ ఉప్పుటేరులోనో వేట పడవ నడిపేవాణ్ని అడగండి, పడవ కంటే ముందు ఇంజనుని చూసుకుంటాడు. ఇక్కడా అంతే. దొంగకి 38 అడుగుల పడవతో పనిలేదు, దాన్ని ఎక్కడ దాస్తాడు? పదిహేను హార్స్‌పవర్ మోటారయితే ఇద్దరు మోసుకుపోతారు, ఏ ఊళ్లో అయినా కొనేవాడుంటాడు. అందుకే అన్నయ్య తన యమహా మోటారు మూతకి పాత ఇంటి రంగు పూసి, పిల్లలు గీసినట్టు పేరు రాసి, చూడ్డానికి అసహ్యంగా తయారు చేశాడు. కొత్తగా మెరిసే మోటారు ఉన్న పక్క పడవ దొంగకి ముందు కనబడాలని అతని లెక్క. కొంచెం స్వార్థమే, కానీ పనిచేసే స్వార్థం.

మనుషుల ప్రాణాల మీదికి వచ్చిన సంఘటనలు లేవని కాదు. 2024 ఫిబ్రవరిలో గ్రెనడాలోనే, పోలీసుల నిర్బంధం నుంచి తప్పించుకున్న ముగ్గురు లంగరేసి ఉన్న ఒక కటమరాన్ (రెండు పొట్టల పడవ) ఎక్కి, దాన్ని సెయింట్ విన్సెంట్ దాకా తీసుకుపోయారు. అందులో ఉన్న అమెరికా దంపతులు మళ్లీ కనబడలేదు. దాని గురించి అక్కడ ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. ఆ తర్వాత అన్నయ్య కిందికి దిగే తలుపుకి లోపలి నుంచి వేసుకునే గడియ పెట్టించాడు, పైకప్పు కిటికీలకి స్టీలు ఊచలు అడ్డం బిగించాడు. ఊచల మధ్య నుంచి గాలి వస్తుంది, మనిషి రాలేడు. ఆ వేడికి కిటికీలు మూసుకుని పడుకోవడం కుదరని పని. డెక్ మీద ఎవరైనా అడుగు పెడితే వెలిగే లైటొకటి. ఒక పాత పర్సులో కొద్దిగా డాలర్లు, చచ్చిన ఫోనొకటి ఎదురుగా కనబడేలా ఉంచుతాడు. అడిగితే ఇచ్చేయడానికి.

తుపాకీ సంగతి నేను ఎత్తాను. "ఎందుకురా" అన్నాడు. ఆ ద్వీపాల్లో దాదాపు ప్రతిచోటా రేవులో దిగగానే ఆయుధం ఉందని చెప్పాలి, ఉన్నన్నాళ్లూ అధికారుల దగ్గర అప్పగించాలి. దొంగలు వచ్చేది లంగరేసి ఉన్నప్పుడు, అప్పుడు తుపాకీ పోలీసుల బీరువాలో ఉంటుంది. చెప్పకుండా దాస్తే జైలు. పైగా అవతల నలుగురుంటే నీ తుపాకీ గొడవని పెద్దది చేయడానికే తప్ప దేనికీ పనికిరాదు. దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇక ఆ రాత్రి దారి. 2015 డిసెంబరులో ట్రినిడాడ్‌కి ఉత్తరాన, సముద్రం మధ్య ఉన్న హైబిస్కస్ గ్యాస్ ప్లాట్‌ఫామ్ పరిసరాల్లో రెండు తెరచాప పడవల్ని సాయుధులు ఎక్కి దోచుకున్నారు. వచ్చింది పెద్ద మోటార్లు కట్టిన పొడుగాటి పడవల్లో, వాటిని అక్కడ పిరోగ్ అంటారు. వెనెజువేలా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిన కాలం అది. ఆ తర్వాతి ఏళ్లలో ఈ దోపిడీల దెబ్బ ఎక్కువ తగిలింది విహారానికి వచ్చిన వాళ్లకి కాదు, ట్రినిడాడ్ నైరుతి కొసన ఉన్న సెడ్రోస్ లాంటి ఊళ్ల మత్స్యకారులకి. మనుషుల్ని ఎత్తుకుపోయి డబ్బులు గుంజేవారు, ఇంజన్లు ఊడదీసుకుపోయేవారు. పడవల వాళ్ల కబుర్లలో ఈ భాగం ఎప్పుడూ రాదు.

బయలుదేరే ముందు అన్నయ్య ట్రినిడాడ్ కోస్ట్‌గార్డ్‌కి ప్రయాణ వివరాలు పంపాడు: పడవ పేరు, రంగు, ఎంతమందిమి, ఎప్పుడు కదులుతాం, ఏ దారిన, ఎప్పటికి చేరతాం. చేరకపోతే వెతకడానికి. కెనడా వాళ్ల పడవొకటి మాతో జత కట్టింది. ఇద్దరూ ఒకే కాగితం మీద దారిలోని బిందువులకి కూరగాయల పేర్లు పెట్టుకున్నారు. వీహెచ్‌ఎఫ్ రేడియోలో మాట్లాడితే ఆ చుట్టుపక్కల అందరూ వింటారు కదా, అక్షాంశ రేఖాంశాలు చెప్పకుండా "వంకాయ దాటాం" అంటే చాలు. పేర్లు వదిన పెట్టింది, ఆ కెనడా ఆయన బెండకాయ అనడానికి పడ్డ అవస్థ వేరే కథ. రేడియో శక్తిని కూడా 25 వాట్ల నుంచి ఒక వాటుకి తగ్గించారు, పక్క పడవకి వినిపిస్తే చాలని.

సాయంత్రం అఖాతం దాటాం. అక్కడి ప్రవాహం పడమటికి, అంటే వెనెజువేలా వైపే లాగుతుంది. అందుకని మొదటి నుంచీ ముక్కుని ట్రినిడాడ్‌కి బాగా తూర్పుగా పెట్టి నడిపాం. అమావాస్య దగ్గర పడింది, చీకటి చిక్కగా ఉంది. మేమున్న చోటు చుట్టుపక్కల ఓడలకి చెప్పే ఏఐఎస్ పరికరాన్ని ఆపాలా వద్దా అన్న దాని మీద రెండు పడవల మధ్యా అంతకుముందే పెద్ద వాదం జరిగింది. ఆపితే దొంగకి కనబడం, నిజమే. కానీ ట్యాంకర్లు తిరిగే దారిలో ట్యాంకరుకీ కనబడం, కోస్ట్‌గార్డుకీ కనబడం. ఓడల్లో పనిచేసినవాడిగా నేను ఆపొద్దన్నాను. పైన ఎత్తులో నిలబడి చూసేవాడికి చీకట్లో 38 అడుగుల పడవ ఎంత ఆనుతుందో నాకు తెలుసు. దీపాలూ ఆర్పలేదు.

హైబిస్కస్ వెలుగులు చాలా దూరం నుంచే కనబడతాయి, సముద్రం మీద జాతర జరుగుతున్నట్టు. నా కాపలా వంతులో దానికి పడమరగా ఇంకో లైటు కనబడింది. ఒక్కటే, తెల్లగా, కిందుగా. ఏఐఎస్ తెర మీద అక్కడ ఏమీ లేదు. అన్నయ్యని లేపాను. టెన్షన్‌తో నోరెండిపోయింది, ఏడెన్‌లో కూడా నాకంత కాలేదు. అక్కడ చుట్టూ ఇనుము ఉండేది. అన్నయ్య ఇంజను వేసి తూర్పుకి తిప్పాడు. కెనడా పడవని పిలిచి దగ్గరికి రమ్మన్నాడు, వాళ్లు మాటలు వినబడేంత దగ్గరికి వచ్చారు. తర్వాత నార్త్ పోస్ట్ అనే ట్రినిడాడ్ తీర రేడియో కేంద్రానికి కాల్ చేసి, ఈసారి పూర్తి శక్తితో, ఒక్క దీపంతో, ఏఐఎస్ లేకుండా ఉన్న ఆ పడవ గురించి చెప్పాడు. అవతల ఒక స్త్రీ గొంతు నింపాదిగా వివరాలు రాసుకుంది. ఆ కాల్ కోస్ట్‌గార్డ్ కోసం ఎంతో, ఆ లైటు దగ్గర ఎవరైనా వింటుంటే వాళ్ల కోసమూ అంతేనని అన్నయ్య తర్వాత చెప్పాడు. అరగంటకి అది వెనకబడింది. మత్స్యకారులే అయి ఉంటారు. వాళ్లు మమ్మల్ని చూసి భయపడ్డారేమో కూడా.

పొద్దు పొడిచాక ట్రినిడాడ్ ఉత్తర కొండలు కనబడ్డాయి, నిటారుగా, పచ్చగా. మోనోస్ ద్వీపం పక్క నుంచి సన్నని జలమార్గంలో సుళ్ల మధ్య లోపలికి వెళ్లి, బయటి దేశం నుంచి వచ్చామని చెప్పే పసుపు జెండా ఎగరేసి, కస్టమ్స్ జెట్టీకి కట్టాం. అన్నయ్య ముందుగా చేసిన పని నార్త్ పోస్ట్‌కి "చేరాం" అని చెప్పడం. చెప్పకపోతే వాళ్లు మన కోసం అనవసరంగా వెతుకుతారు. ఆ తర్వాత కాగితాలు, కార్బన్ కాపీలు, మళ్లీ కాగితాలు. దాని గురించి రాయను.

యార్డులో పడవని క్రేనుతో పైకెత్తేలోపు మోటారుని డింగీ నుంచి విప్పి, ఇద్దరం మోసి, పడవ లోపల మంచం మీద పడుకోబెట్టి తాళం వేశాం. వదిన దాని మీద దుప్పటి కూడా కప్పింది. తర్వాత ముగ్గురం గేటు బయట డబుల్స్ బండి దగ్గరికి వెళ్లాం. మెత్తటి వేయించిన బారా రొట్టెల మధ్య శనగల కూర. మిరపకాయ పచ్చడి ఎంత వెయ్యమంటారని బండివాడు అడుగుతాడు. అన్నయ్య చాలా తక్కువ అన్నాడు. నేను ఎక్కువే వెయ్యమన్నాను. బండివాడు నన్నొకసారి పైనుంచి కిందిదాకా చూసి, ఓ గరిటెడు వేశాడు. గుంటూరు వాళ్లు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించే కారం.