మూడు మాటలకీ పూజారి అన్నాను

రోములో మార్చెల్లో నాటకశాల పక్కన అపోలో గుడి స్తంభాలు మూడు నిలబడి ఉంటాయి. దాన్ని ఆనుకునే బెల్లోనా అనే యుద్ధదేవత గుడి పునాది. మన తెలుగు బృందాలు వచ్చినప్పుడు గైడు చెప్పేది తెలుగులో చెప్పడం నా పని. మొన్న ఆవిడ మధ్యలో ఆగి అందరి ముందూ అడిగారు: "నేను పొంతిఫెక్స్ అన్నాను, ఫ్లామెన్ అన్నాను, ఫేతియాలిస్ అన్నాను. మూడుసార్లూ నీ నోట ఒకే మాట వినబడింది. మీ భాషలో మాటలు అంత తక్కువా?"

ఆ చివరి ప్రశ్న గుచ్చుకుంది. తక్కువేం కాదు. గుళ్లో అర్చకుడు వేరు, పెళ్లి చేయించే పురోహితుడు వేరు. యజ్ఞంలో హోత వేరు, అధ్వర్యువు వేరు. రోములోనూ అంతే: పొంతిఫెక్స్ మతవిధులన్నీ పర్యవేక్షించేవాడు, ఫ్లామెన్ ఒక్క దేవత సేవకే కేటాయించిన అర్చకుడు. ఇన్ని మాటలు చేతిలో ఉండగా అందరినీ పూజారులు చేసేసింది నేను. కాబట్టి ఇదే పని చేసే మనవాళ్లకి పనికొస్తుందని, ముఖ్యంగా ఫేతియాలేస్ (ఒక్కడైతే ఫేతియాలిస్) మాటల్ని ఇక్కడ విడమరుస్తున్నాను.

ఫేతియాలేస్ ఇరవై మంది. నిత్యపూజ వాళ్ల పని కాదు. రోముకీ పరాయి జాతికీ మధ్య సంధి చేయాలన్నా, యుద్ధం చాటాలన్నా ఆ తంతు నడిపించేది వాళ్లే. రాయబారి అంటే సగం సరిపోతుంది. వీళ్లకి బేరమాడే అధికారం లేదు మరి. వాళ్లలో ముఖ్యుడు పతెర్ పత్రాతుస్. పతెర్ అంటే తండ్రే అయినా, ఇక్కడ తండ్రి అంటే వినేవాళ్లు తికమకపడతారు. ప్రమాణం జరిపించడానికి ఆ పూటకి పెద్దగా నిలిపిన మనిషి అతను. మన పెళ్లిపెద్ద లాగా ప్రమాణపెద్ద అంటే చటుక్కున అర్థమవుతుంది.

సంధి తంతు రోమన్ చరిత్రకారుడు లీవీ రాసిన చరిత్రలో, రోముని రాజులు ఏలిన కాలం కథలో వివరంగా ఉంది. ఫేతియాలిస్ రాజుని సగ్మినా అడుగుతాడు. "శుద్ధమైనది తీసుకో" అంటాడు రాజు. సగ్మినా అంటే కాపిటోలిన్ కొండమీది కోటలోంచి మట్టితో సహా పెరికిన గడ్డి. దీన్ని నేను చాలాకాలం దర్భ అన్నాను, అది పొరపాటు. దర్భలో జాతి ముఖ్యం, ఇక్కడ పెరిగిన చోటు ముఖ్యం. మట్టి లేకపోతే రోము నేల వెంట రానట్టే. ఆకులు అన్నా తప్పే. ఆ గడ్డితో ప్రమాణపెద్ద తలా జుట్టూ తాకుతారు. తర్వాత అతను సంధి షరతులు చదివి, రోము ముందుగా మాట తప్పితే ఈ పందిని నేను కొట్టినట్టే నువ్వు రోముని కొట్టు అని జూపిటర్‌కి చెప్పి, చెకుముకి రాతితో పందిని కొడతాడు. అందుకే లాటిన్‌లో సంధి చేయడాన్ని ఫోయ్‌దుస్ ఫెరీరె, అంటే సంధి కొట్టడం అంటారు. ఎబ్బెట్టుగా ఉందని ఆ 'కొట్టు'ని వదిలేయకండి. కొబ్బరికాయ కొట్టే మనకి అది పరాయి మాటేం కాదు. క్రీ.పూ. 201లో శత్రునగరం కార్తేజ్‌తో సంధికి ఆఫ్రికా వెళ్లినప్పుడు ఎవరి రాయి వాళ్లు, ఎవరి గడ్డి వాళ్లు వెంట తీసుకెళ్లాలని సెనేట్ ఆదేశించింది.

యుద్ధం దగ్గర నాకు చిక్కొచ్చేది రేరుం రెపెతీతియో. దీన్ని యుద్ధప్రకటన అనకూడదు, అది ఇంకా చాలా దూరం. ఎత్తుకుపోయిన సొత్తునీ మనుషుల్నీ తిరిగి ఇమ్మని అడగడం ఇది. తలకి ఉన్ని పట్టీ కట్టుకుని ఫేతియాలిస్ సరిహద్దు దగ్గర జూపిటర్‌నీ, ఆ సరిహద్దునీ, ధర్మాన్నీ వినమంటాడు. దాటాక ఎదురైన మొదటి మనిషికీ, ఊరి వాకిట్లోనూ, ఫోరం అనే ఊరి నడి కూడలిలోనూ ఒకటి రెండు పదాల తేడాతో అదే చెబుతాడు. లీవీ లెక్కలో గడువు 33 రోజులు. అప్పటికీ ఇవ్వకపోతే దేవతల్ని సాక్షులుగా పిలిచి రోముకి తిరిగొస్తాడు. అక్కడ పెద్దలు ఒప్పుకున్నాకే మళ్లీ సరిహద్దుకి వెళ్లి, కనీసం ముగ్గురు వయసొచ్చిన మగవాళ్ల ఎదుట శత్రువు నేలమీదికి బల్లెం విసురుతాడు. యుద్ధప్రకటన అంటే అదీ.

శత్రువు సముద్రం అవతల ఉంటే? రోము మీద యుద్ధానికొచ్చిన గ్రీకు రాజు పిర్రుస్ సైనికుణ్ణొకణ్ణి పట్టుకుని రోములోనే కాస్త నేల కొనిపించి, దాన్ని శత్రుభూమిగా లెక్కేశారని ప్రాచీన లాటిన్ వ్యాఖ్యాత సెర్వియుస్ రాశాడు. బెల్లోనా గుడి ముందున్న యుద్ధస్తంభం దగ్గర అక్కడికే బల్లెం విసిరేవారు.

ఇదంతా చెబుతుంటే నా మనసు శ్రీకృష్ణ రాయబారం వైపే లాగుతుంది. కనీసం అయిదూళ్లివ్వమని దిగొచ్చి అడగడానికి మన రాయబారికి చోటుంది. ఫేతియాలిస్‌కి ఆ చోటు లేదు, మాట మారిస్తే తంతే చెడుతుంది. మనదే గొప్పని బృందానికి చెప్పేస్తుంటాను కూడా.

కానీ ఆ సరిహద్దు ప్రమాణంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోతాను. నేను అన్యాయంగా అడుగుతుంటే నన్నెప్పుడూ 'పత్రియై కొంపొతెం' కానివ్వకు అని తనమీద తనే ఒట్టు పెట్టుకుంటాడు. ఇన్నాళ్లూ దాన్ని "నన్ను మళ్లీ మా దేశం చేరనివ్వకు" అని చెబుతూ వచ్చాను. పత్రియై అంటే దేశం సరే, కానీ కొంపొతెం అసలు రూపం కొంపోస్ అంటే చేరినవాడు కాదు, దక్కించుకున్నవాడు. ఈసారి బృందంతో "నా దేశం నాకు ఎన్నటికీ దక్కనివ్వకు" అనే చెప్పాలి.