తలుపు తెరిచేవరకే

మన పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివినవారికి ఆటో ఎలక్ట్రికల్ ల్యాబులోని పాత మారుతీ ఎస్టీమ్ గుర్తుండే ఉంటుంది. ఇగ్నిషన్ ఆపితే దాని పవర్ విండోలు పనిచేసేవి కావు. విండో మోటార్లకు కరెంటు ఇగ్నిషన్ స్విచ్చు దాటాకే అందేలా దాన్ని రూపొందించారు. తాళంచెవి తీశాక కూడా ఆ అద్దాలు కదిలేలా వైరింగు మార్చడం చివరి సంవత్సరంలో మాస్టారు మాకు అప్పగించిన పని.

బయటి షెడ్లలో ఈ పని ఒక్క వైరుతో అయిపోతుంది. బ్యాటరీ నుంచి విండో స్విచ్చులకు 'డైరెక్ట్' ఇచ్చేస్తారు. మాస్టారు దానిని అంగీకరించలేదు. పెద్దలు దిగి దుకాణంలోకి వెళ్లినప్పుడు, కిటికీలోంచి తల బయటపెట్టిన పిల్లవాడి మోకాలు స్విచ్చు మీద పడితే అద్దం మెడకు బిగుసుకుంటుందని, అందువల్ల కారులో పెద్దవాళ్లు ఉన్నంతసేపు మాత్రమే కరెంటు ఉండాలని ఆయన పట్టుబట్టారు. పెద్దవాళ్లు దిగారన్న సంగతి కారుకు తెలిసేది ఎలా? ముందు తలుపు తెరిస్తే లోపలి దీపాన్ని ఎర్త్ చేసి (కారు బాడీకి కలిపి) వెలిగించే చిన్న స్విచ్చు అక్కడే ఉందని ఆయన వేలుపెట్టి చూపించారు.

దానికి రెండు రిలేలు (కాయిల్‌లో కొద్ది కరెంటు పారితే అయస్కాంతంలా లాగి పెద్ద కరెంటు కాంటాక్టును కదిలించే స్విచ్చులు), ఒక డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) సరిపోయాయి. రిలేలో 30 అన్న కాలు, కాయిల్‌కు కరెంటు అందితే 87తో, అందకపోతే 87ఎతో కలుస్తుంది. మొదటి రిలే 30 కాలుకు బ్యాటరీ నుంచి, 87 నుంచి విండోలకు కరెంటు. దాని కాయిల్‌కు ఇగ్నిషన్ నుంచి డయోడు గుండా సరఫరా. 87 నుంచే మరో వైరు రెండో రిలేలోని 30, 87ఎ కాంటాక్టుల మీదుగా తిరిగి అదే కాయిల్‌కు వస్తుంది కనుక, తాళంచెవి తీసినా రిలే తనను తాను పట్టుకొని ఉంటుంది. రెండో రిలే కాయిల్ ఒక కొస బ్యాటరీకి, మరో కొస తలుపు స్విచ్చుకు. తలుపు తెరవగానే 87ఎ విడిపోతుంది, మొదటి రిలే వదిలేస్తుంది, తలుపు మళ్లీ మూసినా అది తిరిగి పట్టుకోదు.

ఆ డయోడు ఎందుకో ఆయన నోటితో చెప్పలేదు. దాని రెండు కొసలను వైరు ముక్కతో కలిపి, ఇంజను స్టార్టు చేసి, తాళంచెవి తీసి మా చేతికిచ్చారు. ఇంజను తిరుగుతూనే ఉంది! రిలే పట్టుకొన్న కరెంటు వెనక్కు ఇగ్నిషన్ లైనులోకి పారుతున్నదని, తలుపు తెరవగానే ఇంజను ఆగిపోయినప్పుడు మాకు పూర్తిగా అర్థమైంది. కాయిల్ తీసుకొనేది 0.15 ఆంపియర్ల చుట్టుపక్కలే కనుక, ఒక ఆంపియరు మోయగల డయోడు అక్కడ చాలు. విద్యుత్తు వెనక్కు నడిచే దారిని నాకు అంత స్పష్టంగా చూపించిన పాఠం మరొకటి లేదు.

ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలనేవారు. అది స్విచ్చు దగ్గర ఉంటే, మధ్యలో వైరు ఒరుసుకొని బాడీకి తగిలినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు.

ఉద్యోగంలో చేరాక పవర్ విండోలకు సంబంధించిన అమెరికా భద్రతా ప్రమాణం 118ని చదివాను. ఇగ్నిషన్ ఆపిన తరువాత ముందు తలుపుల్లో ఒకటి తెరిచేవరకు అద్దాలు పైకి కదలవచ్చని అందులో ఉంది. మాస్టారు మాకు విధించిన షరతు అక్షరాలా అదే. నేటి చాలా కార్లలో ఆ పనిని ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ చూసుకొంటుంది. దానికి అదనంగా, కొద్ది నిమిషాలకు సరఫరా ఆగిపోయే టైమరు కూడా ఉండటం మరింత మేలైన ఏర్పాటు. అలాంటి కార్లలో బయటి రిలే పెట్టి హార్నెస్ (కారు వైర్ల కట్ట) కోయడం తగదు.

నా వర్క్‌షాపుకు వచ్చి పాత కార్లకు 'డైరెక్ట్' అడిగేవారికి నేటికీ ఈ రెండు రిలేల వైరింగే చేసి ఇస్తున్నాను. వెనుక తలుపులకు కూడా పవర్ విండోలుంటే, వాటి స్విచ్చులను పనిచేయకుండా ఆపే, డ్రైవరు వైపున్న లాక్ స్విచ్చు సరిగా పనిచేస్తున్నదని చూసుకొన్నాకే కారు అప్పగిస్తాను.