వేడంతాంగల్ దారిలో ఒక పంచరు

చెన్నై నుంచి దక్షిణానికి పోయే జీఎస్టీ రోడ్డు మీద సైకిల్ తొక్కేవాళ్ళకి లారీల కన్నా లారీ టైర్లంటేనే భయం. పేలిపోయిన టైరు ముక్కలు రోడ్డు పక్కన పాము కుబుసాల్లా పడుంటాయి. వాటిలోంచి ఊడిన ఉక్కు తీగలు ఉంటాయి చూశారూ, తల వెంట్రుక కన్నా కాస్త లావు, అవి కంటికి కనపడవు. టైరులో దిగాక కూడా వెంటనే ఏమీ కాదు. పది, పదిహేను కిలోమీటర్లు మనతోనే ప్రయాణం చేసి, మనం సుఖపడుతున్న సమయం చూసి పని మొదలుపెడతాయి.

నా సంగతీ అంతే అయింది. వేడంతాంగల్ పిట్టల చెరువు చూద్దామని తాంబరంలో పొద్దున నాలుగున్నరకి బయల్దేరాం. వస్తామన్నవాళ్ళు ఐదుగురు, వచ్చింది ఇద్దరం. ముగ్గురికి రాత్రికి రాత్రే జ్వరాలు వచ్చాయి. జనవరి మొదటి ఆదివారం కదా, వస్తాయి. మిగిలింది నేనూ, చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎమ్మార్ రోడ్డులో ఉద్యోగం చేసే మా నెల్లూరోడూ. వండలూరు, కిళాంబాక్కం, మహీంద్రా సిటీ... వీటి గురించి చెప్పుకోడానికేమీ లేదు, చీకట్లో బస్సుల హారన్లు తప్ప. పరనూరు టోల్‌గేటు దగ్గర కార్ల వరస పక్కనుంచి పైసా కట్టకుండా పోవడం ఒక్కటే ఆ రోడ్డు మీద సుఖం. చెంగల్పట్టు దగ్గర కొళవాయి చెరువు మీద తెల్లారింది. రైలు పట్టాలకీ రోడ్డుకీ పక్కనే ఆ చెరువు, మంచుపొగలో అవతలి ఒడ్డు లేనట్టే ఉంది. ఫొటో తీద్దామంటే నెల్లూరోడు ఆగడు. "వచ్చేటప్పుడు చూస్తాంలే అబ్బయ్యా" అన్నాడు. వచ్చేటప్పుడు ఎర్రటి ఎండ.

టిఫిను సంగతి కూడా చెప్పాలి. హైవే మీద శుభ్రంగా ఉందనిపించిన హోటల్లో రెండు ఇడ్లీ, ఒక పొంగల్, ఒక కాఫీకి నూట తొంభై. మా సేలయూరు మెస్సులో అదే డబ్బుకి ఇద్దరం తిని పార్సిల్ తెచ్చుకోవచ్చు. పొంగల్లో మిరియాలు మాత్రం ధారాళంగా వేశారు. తీసి పక్కన పెడితే చిన్న కుప్ప అయింది.

పాలారు దాటి, పడాళం దగ్గర కుడివైపు తిరిగాక లోకం మారిపోయింది. పల్లెల మధ్య తారు రోడ్డు, మరీ వెడల్పు లేదు, కానీ నున్నగా ఉంది. ఒక పక్క వరి, ఒక పక్క చెరువు, మళ్ళీ వరి, మళ్ళీ చెరువు. వీళ్ళు చెరువుని 'ఏరి' అంటారు. చెన్నై వచ్చిన కొత్తలో నాకది బుర్రకెక్కేది కాదు. మనకి ఏరంటే పారేది, వీళ్ళకి ఏరి అంటే నిలిచేది. ఇళ్ళ ముందు మార్గళి ముగ్గులు, అంటే మన ధనుర్మాసం ముగ్గులే, ముగ్గు మధ్యలో పేడముద్ద, దాని మీద గుమ్మడిపువ్వు. మా అమ్మ పెట్టే గొబ్బెమ్మలే, పేరు వేరు. ఎక్కడో గుడి మైకులో తిరుప్పావై. కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి.

అప్పుడు వినపడింది, వెనక చక్రం దగ్గర సన్నగా బుస్సుమని.

స్పేర్ ట్యూబు, టైరు లీవర్లు, పంపు ఉన్న సంచీ నెల్లూరోడి సీటు కింద ఉంది. నెల్లూరోడేమో అరగంట ముందున్నాడు. తొక్కేటప్పుడు వాడి ఫోను సైలెంటు. పదమూడు సార్లు చేశాను. తర్వాత సైకిల్ తోసుకుంటూ నడక మొదలుపెట్టాను. రోడ్డు సైకిల్ బూట్లకి అడుగున పెడల్‌ని పట్టుకునే గట్టి బిళ్ళలు, క్లీట్లు, ఉంటాయి, నడిస్తే గుర్రం నడిచినట్టు టకటకమంటాయి. ఎదురొచ్చిన పిల్లలు ఇద్దరు నా వెనక పడి అదే చప్పుడు నోటితో చేస్తూ వచ్చారు.

మొదట తగిలిన షాపు బైకులది. కంప్రెసర్ ఉంది, కుర్రాడూ ఉన్నాడు. నా ట్యూబు వాల్వు చూసి తల అడ్డంగా ఊపాడు. మా సైకిళ్ళకి ప్రెస్టా వాల్వు, పెన్ను రీఫిల్లులా సన్నగా ఉంటుంది. బైకు నాజిలు దాని మీద కూర్చోదు. రూపాయంత కూడా లేని ఇత్తడి అడాప్టరు ఉంటే చాలు, అది కూడా ఆ సంచీలోనే ఉంది. లక్షా పదివేల సైకిలు, నలభై రూపాయల బిళ్ళ లేక రోడ్డు పక్కన నిలబడింది. కుర్రాడు ముందున్న చింతచెట్టు వైపు చెయ్యి చూపించి, "తాత్తా కిట్ట పోంగ సార్" అన్నాడు, తాత దగ్గరికి పొమ్మని.

చింతచెట్టు కింద తాటాకు పాక. బొగ్గులా నల్లబడ్డ చెక్కపెట్టె, నీళ్ళ తొట్టి, చెట్టుకి వేలాడే పాత టైర్లు. పెద్దాయన తువ్వాలు తలకి చుట్టుకుని కూర్చున్నాడు. "ఎన్న సార్, పంచరా?" అని చక్రం తిప్పి చూశాడు. నాకొచ్చిన అరకొర తమిళంలో ఏదో చెప్పుకున్నాను. ఆయన పాక లోపలికి తిరిగి కేకేశాడు.

"ఒసే, ఆ తొట్లో నీళ్ళు నింపకుండా ఏం జేస్తా ఉండావు?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, అంటే అర్థమైపోయినందుకు అర్థం కాలేదు. "తాతా, మీరు తెలుగా?" అన్నాను.

ఆయన కూడా నన్ను కొత్తగా చూశాడు. "అవు సామీ, మేం తెలుంగోళ్ళమే. మా తాతల కాలం నుంచీ ఈడనే. నువ్వు ఆంధ్రానా?"

కైకలూరు అన్నాను. తెలీదన్నాడు. బెజవాడ దగ్గర అన్నాను. "బెజవాడ విన్నా" అన్నాడు. లోపల్నించి అవ్వ బిందెతో వచ్చి నన్ను తేరిపార చూసి, "బిడ్డ ఏమన్నా తినిందా?" అని నన్ను కాకుండా ఆయన్ని అడిగింది. తెలుగు చదవడం రాదట వాళ్ళకి, రాయడమూ రాదు. మనవలు ఇంట్లో కూడా తమిళమే మాట్లాడతారట. "మేమిద్దరం పోట్లాడుకునేదానికి మాత్రం తెలుంగే" అన్నాడు.

ట్యూబు తొట్టిలో ముంచితే బుడగలు ఒకటొకటిగా లేచాయి. టైరు లోపల బొటనవేలు తిప్పి ఆయన తీగ ముక్క పట్టేశాడు. గోటితో లాగి నా అరచేతిలో పెట్టాడు. బియ్యపుగింజలో సగం లేదు. ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి, నోటితో ఊది ఆరబెట్టి, పట్టీ వేసి సుత్తితో మెల్లగా తట్టాడు. గాలి మాటేమిటని నా బెంగ. ఆయన పెట్టెలోంచి పాత చేతిపంపు తీశాడు, ఎప్పటిదో ఇనప సైకిళ్ళది. దాని గొట్టం చివర నా వాల్వు కొనకి తిప్పితే పట్టుకుంది! నమ్మలేకపోయాను. అరవై డెబ్భై పోట్లు పొడిచి, టైరుని బొటనవేలితో నొక్కి, "సాలు" అన్నాడు. ఆయనకి ప్రెషర్ మీటరు ఆ వేలే.

పట్టీ ఆరేలోపల మాట్లాడాం. వేడంతాంగల్ చెరువు కింద ఆయనకి అరెకరం ఉందట. పిట్టల రెట్ట పడి నీళ్ళకి సత్తువ వస్తుందనీ, ఆ నీళ్ళు పారిన మడికి ఎరువు తక్కువ చాలనీ చెప్పాడు. "దీపావళికి మేం టపాసు కాల్చం. పిట్ట బెదురుతుంది కదా. పిలకాయలు ఏడ్చారంటే పెద్దమ్మ ఊరికి తోలుకోని పోయి ఆడ కాల్పిస్తాం." ఇదేదో గొప్పగా చెప్పలేదు. అమావాస్యనాడు నీసు తినం అన్నట్టు చెప్పాడు.

నేనేమీ అనలేదు. నా సంగతి వేరు మరి.

మాది కొల్లేరు. నాన్న లీజుకి చేపల చెరువు చేసేవారు. నా ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసులో పొద్దున్నే నా డ్యూటీ పిట్టల్ని తోలడం. గూడబాతు ఒక్క మునకలో ఎంత చేప ఎత్తుకుపోతుందో లెక్కేసి నాన్న కళ్ళెర్ర చేసేవారు. ముందు నూనె డబ్బా మీద కర్రతో కొట్టడం. దానికి అలవాటు పడ్డాయంటే తాటాకు టపాకాయలు. ఒత్తి అంటించి, చెయ్యి కాలేదాకా పట్టుకుని విసిరితే నీళ్ళ మీద గాల్లోనే పేలేది. నాకు భలే గురి ఉండేది. ఒకసారి నీటికాకి ఒకటి ఎగరకుండా నీళ్ళ మీద గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. నాన్న నన్ను పిలిచి బడికి పంపేశారు. 1999లో కొల్లేరుని అభయారణ్యం అన్నారు. 2006లో పొక్లెయిన్లు వచ్చి ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపలి గట్లు కొట్టేశాయి. మా గట్టు కూడా. నాన్న ఇప్పుడు చేపల మేత కొట్లో లెక్కలు రాస్తున్నారు.

పంచరుకి తాత అడిగింది ముప్ఫై రూపాయలు. వంద ఇస్తే డెబ్భై తిరిగి ఇచ్చేదాకా సైకిలు వదల్లేదు. అవ్వ రెండు అరటిపళ్ళు నా జెర్సీ వెనక జేబులో తనే కుక్కింది.

చెరువు గేటు దగ్గర నెల్లూరోడు కొబ్బరిబొండం తాగుతూ దొరికాడు. తిట్టాల్సినవి తిట్టాను. సైకిళ్ళు బయట పెట్టేసి కట్ట మీద నడవాలి. చదును చేసిన బాట, పక్కన చెట్ల నీడ, మధ్యలో చూపుగోపురం. ముప్ఫై హెక్టార్ల చెరువు, పెద్దదేమీ కాదు, మా వైపు దీన్ని కుంట అన్నా అనేస్తారు. కానీ నీళ్ళలో మెడదాకా మునిగిన చెట్ల మీద ఆకులు కనపడవు, అన్నీ పిట్టలే. ఎర్రకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు, ముక్కు మధ్య సందున్న నత్తగుల్ల కొంగలు, గూడబాతులు. పక్కపక్క గూళ్ళలో అపార్టుమెంటు గొడవల్లాంటి గోల. నీచు వాసన. ఆ వాసనకి నాకు చిన్నప్పటి చెరువుగట్టు కళ్ళముందుకొచ్చేసింది, నెల్లూరోడు మాత్రం ముక్కుకి రుమాలు కట్టాడు.

వేడంతాంగల్ అంటే వేటగాళ్ళ ఊరని అర్థమట. తెల్ల సిపాయిలు కొంగల్ని కాలుస్తుంటే ఊరివాళ్ళు చెంగల్పట్టు వెళ్ళి మొరపెట్టుకున్నారనీ, 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేస్ కాల్చకూడదని కౌలు, అంటే హామీ పత్రం, రాసిచ్చాడనీ చెబుతారు. ఇంకాస్త కిందికి పోతే వచ్చే మధురాంతకంలో, తెగబోయిన చెరువుకట్టని రామలక్ష్మణులు కాపలా కాస్తుంటే కళ్ళారా చూశాడనే దొర కూడా ఈయనే. అక్కడి దేవుడి పేరే ఏరి కాత్త రాముడు, చెరువుని కాచిన రాముడు. వేడంతాంగల్ చెరువుకి 2022లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. మా కొల్లేరుకి 2002లోనే వచ్చింది, అంటే మేమే ఇరవై ఏళ్ళు ముందు!

ఒక గూడబాతు వచ్చి సరిగ్గా ఎదురుగా దిగింది. కాళ్ళు ముందుకి చాచి, నీళ్ళ మీద బ్రేకు వేసినట్టు. ఇరవై గజాలుంటుందేమో. నా కుడిచెయ్యి జేబులోకి పోయింది. అరటిపండు తగిలింది.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి, ఎండ, నెల్లూరోడి క్షమాపణలు. తాత వేసిన పట్టీ తాంబరం దాకా ఒక్క బుడగ కూడా వదల్లేదు. రాత్రి నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. చింతచెట్టు తాత, రెట్ట, టపాకాయలు కాల్చని దీపావళి. ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నారు. చాలాసేపు లైన్లో టీవీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

తర్వాత అడిగారు, "అయితే ఆ చెరువులో చేపల వేలంపాట ఎవరు పాడుకుంటారట?"