రొయ్యకేమీ కాలేదు

నాకు రొయ్యల చెరువంటే ఇష్టం. ఈ మాటంటే భీమవరం దగ్గర మా ఉండి ఊరి వైపు నవ్వుతారు, ఎవరి అప్పులు వాళ్లకి గుర్తొచ్చి. కానీ మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగినప్పుడు పేగు నిండా మేతతో రొయ్యలు టపటపా ఎగిరితే నాకిప్పటికీ హుషారే. అందుకే నా జబ్బు ఎవరికీ అంతుపట్టలేదు. ఇష్టమైన పని చేసేవాడికి అలసటేంటని అందరి ఉద్దేశం.

చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. పగలంతా ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టనే, అంటే నీటిని పచ్చగా చేసే సన్నటి నాచే, చీకటి పడ్డాక దాన్ని పీల్చేస్తుంది. కాబట్టి ఊరంతా గాఢనిద్రలో ఉండే వేళకే వనామి రొయ్యల రైతుకి మెలకువ. పంట మీద పంట, ఆ కాపలా అంతా నాదే.

ఆ రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ వేశాను, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు మళ్లీ తిరిగాయి, రొయ్యకేమీ కాలేదు. అయింది నాకు. టార్చి పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కింది. ఛాతీ మీద మేతబస్తా పడేసినట్టు బరువు. ఊపిరి పైపైనే ఆడుతోంది. కేకేద్దామంటే గొంతు పెగల్లేదు. గట్టు మీద తడిమట్టిలో కూలబడిపోయాను. చచ్చిపోతున్నానని నమ్మకం కుదిరింది. అప్పుడు కూడా బుర్రలో తిరిగింది ఒకటే, తెల్లారేదాకా డీజిల్ సరిపోతుందా అని!

మా బామ్మర్ది బండి మీద భీమవరం తీసుకెళ్లాడు. ఈసీజీ, రక్తపరీక్ష, ఇంకేవో చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. డ్యూటీ డాక్టరు కాగితాలు మడిచి, "గుండెకేం లేదు. రైతులందరికీ ఉండే టెన్షనే. దీనికి అర్ధరాత్రి పరిగెత్తుకు రావాలా?" అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గుండెనొప్పో కాదో తేల్చాల్సింది డాక్టరా, గట్టు మీద కూలబడ్డవాడా? ఛాతీ పట్టేస్తే వెళ్లండి. తిట్టినా సరే వెళ్లండి.

అదే ఆసుపత్రిలో ఒక నర్సమ్మ నా పక్కన నిలబడి, "నెమ్మదిగా వదలండి బాబాయ్, నేనున్నాను" అంటూ ఊపిరి దారిలో పెట్టింది. ఆ తల్లిని భీమవరం మావుళ్లమ్మ చల్లగా చూడాలి.

తర్వాత చూపించుకున్న పెద్ద డాక్టరు గారు, "తెల్లారేదాకా ఆఖరుసారి ఎప్పుడు పడుకున్నారండీ?" అని అడిగారు. నాకు గుర్తు రాలేదు. మా ఆవిడ ఏడ్చేసింది. వచ్చింది పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, వెనకున్నది బర్నౌట్ అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో బర్నౌట్ జబ్బు కింద కాదు, పని వల్ల వచ్చే పరిస్థితి కింద ఉందట. దాని గుర్తులు మూడు: ఒంట్లో సత్తువ అడుగంటడం, పని మీద విసుగు, ఎంత చేసినా ఏమీ చెయ్యలేదనిపించడం. మొదటిదీ చివరిదీ నాకు నిండుగా ఉన్నాయి. విసుగొక్కటే లేదు. అదుంటే ముందే మానేసేవాణ్ణేమో.

"మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయిరా" అంటాడు మా బాబాయి. ఆయన చేసింది వరి. ఎండాకాలం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువలకి నీళ్లు కట్టేస్తే ఆయనకి సెలవే. రొయ్యకి కాలువ కట్టేదెవరు?

ఇప్పుడు రాత్రి కాపలా రోజు విడిచి రోజు, మిగతా రోజులు జీతానికి పెట్టిన కుర్రాడిది. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టేయడం, అయ్యాక వెంటనే కొత్త రొయ్యపిల్ల వెయ్యడం మానేశాను. అడుగు నెర్రెలిచ్చేదాకా చెరువు ఎండాలి. అది రొయ్య జబ్బులకీ మంచిదే. బాబాయి మాత్రం ఖాళీ చెరువు చూసి రోజుకెంత నష్టమో లెక్కలు చెబుతూనే ఉన్నాడు. చెప్పనీయండి.