నెల్లూరు నుంచి వెల్లంపల్లి దాకా, అమ్మతో

ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాలని అమ్మ ఏళ్ళ తరబడి అంటూనే ఉంది. నెల్లూరు నుంచి కారులో రెండు, రెండున్నర గంటల దారి. పెళ్ళిళ్ళకీ చావులకీ ఒంగోలు మీదుగా ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు గానీ కొండ దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు, ఈసారి కాదులే మళ్ళీ చూద్దాం అనుకుంటూనే గడిచిపోయింది. చివరికి వేసవి వెళ్ళిపోతుండగా బయల్దేరాం, అదీ ఎప్పుడంటే, అమ్మ రొమ్ములో గడ్డకి బయాప్సీ తీసి, రిపోర్టు రావడానికి టైం పడుతుంది ఇంటికెళ్ళండి అని పంపించేసిన తర్వాత, ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోలేక.

రిపోర్టులో ఏమొచ్చిందో ముందే చెప్పేస్తాను. క్యాన్సరే. ట్రీట్‌మెంట్ నడుస్తోంది. కొండెక్కి ప్రార్థన చేసి దిగేసరికి గడ్డ కరిగిపోయిందనే సాక్ష్యం కోసం చదువుతున్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, ఏమీ అనుకోను. అలాంటి సాక్ష్యాలు మా సంఘంలో చాలా విన్నాను, చెప్పేవాళ్ళని కాదనడానికి నేనెవర్ని. మాకు మాత్రం అలా జరగలేదు.

ఆ రోజుల్లో నన్ను బాగా విసిగించింది మా అత్త, అంటే అమ్మకి వదిన. మంచి మనిషే, మా చదువులప్పుడు డబ్బు సాయం కూడా చేసింది. కానీ పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి ఫోన్ చేసి, "విశ్వాసం ఉన్నోళ్ళకి భయం ఎందుకుంటాది వదినా, భయపడ్డావంటే నీ విశ్వాసం చాలటల్లేదనే" అనేది. అమ్మ "అవును వదినా, దేవుడు చూసుకుంటాడు" అని ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయి అక్కర్లేని గిన్నెలన్నీ దించి తోమేది. రాత్రి నిద్ర పట్టక హాల్లో తిరుగుతున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉండేది. పొద్దున అడిగితే "దోమలే" అనేది.

తమ్ముడి కారులో చీకటితోనే బయల్దేరాం. పెన్న దాటి, కావలి దాటాక అమ్మ ఉన్నట్టుండి రామాయపట్నం పోదాం అంది. అక్కడి బాప్టిస్టు సెమినరీలో మా తాత చదువుకున్నాడు. 1870లలో మొదలైన వేదాంత పాఠశాల అది, తెలుగు బోధకులని తయారుచేయడానికి పెట్టారు, మా వైపు పల్లెల్లో పాత తరం అయ్యగార్లలో చాలామంది అక్కడినుంచి వచ్చినవాళ్ళే. ఇప్పుడు రామాయపట్నం అంటే జనానికి పోర్టే గుర్తొస్తుంది. హైవే దిగి తూర్పుకి తిరిగితే టిప్పర్ల దుమ్ములో ముందున్నది కనపడలేదు. అప్పటికి జిల్లా కూడా మారింది, 2022లో కందుకూరు వైపంతా నెల్లూరులో కలిపారు కదా, "మీ తాత ప్రకాశం జిల్లాలో చదివాడు, ఇప్పుడది మనదే అయింది" అని అమ్మ నవ్వింది. సెలవులు కాబట్టి లోపల సందడి లేదు. చెట్ల కింద కాసేపు నిలబడి, తాత ఇక్కడే ఎక్కడో నడిచి ఉంటాడు అనుకుని వచ్చేశాం. ఉలవపాడు దగ్గర బంగినపల్లి కాయలు, సీజన్ అయిపోతోంది, బుట్ట చెప్పిన రేటుకి అమ్మ సగానికి అడిగింది. బేరం ఆడుతున్నంతసేపూ పాత అమ్మే. కారెక్కగానే మళ్ళీ చేతిసంచిలో స్కానింగు కాగితాలు తడుముకోవడం.

ఒంగోలు చేరేసరికి ఎండ మండిపోతోంది. కొండ అని పేరే గానీ పెద్దది కాదు, ఊరు పెరిగి పెరిగి దాన్ని చుట్టేసింది. వెళ్ళాలనుకునేవాళ్ళు తెల్లారేసరికి అక్కడుండాలి, నీళ్ళు పట్టుకెళ్ళాలి. అమ్మ రెండుచోట్ల కూర్చుంది. తమ్ముడు ఎత్తుకుంటానంటే "నోరు ముయ్యరా, ఇంకా ఆ గతి పట్టలేదు" అంది.

ఆ కొండ కథ మా ఇళ్ళల్లో పిల్లలకి తెలిసిందే అయినా ఒకసారి చెప్తాను. 1854 జనవరి 1, తెల్లవారుజామున ఐదుగురు ఇక్కడికి ఎక్కారు. లైమన్ జ్యువెట్ అనే అమెరికన్ మిషనరీ, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు. నెల్లూరులో 1840లో శామ్యూల్ డే మొదలుపెట్టిన మిషను వాళ్ళది. పదేళ్ళు దాటినా సంఘంలో చేరినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. ఈ తెలుగు మిషను దండగ, మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు మాట వచ్చింది. మ్యాపులో ఒక్క నెల్లూరు దగ్గరే గుర్తు ఉండటంతో దానికి లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అని పేరు పడింది. అలాంటి పరిస్థితిలో ఆ ఐదుగురూ ఇక్కడ మోకరించి, ఒంగోలుకి ఒక బోధకుణ్ణి పంపమని అడిగారు. వాళ్ళు అడిగిన ఆ బోధకుడు, జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ, ఒంగోలుకి వచ్చింది 1866లో.

"అంటే పన్నెండేళ్ళా?" అంది అమ్మ. కథ ఆమెకి తెలియక కాదు, సండే స్కూల్లో మాకు చెప్పిందే ఆమె. కానీ ఆ రోజు లెక్క వేసుకున్నట్టుంది. "పన్నెండేళ్ళు ఏం చేశారే వీళ్ళు?"

ఏం చేస్తారు, మళ్ళీ నెల్లూరు పోయి వంట చేసుకున్నారు, బడి నడిపారు, జబ్బు పడ్డారు, లేచారు. నేను అదే అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. పైన మరో కుటుంబం ఉంది, టెన్త్ పాసైన పిల్లాడికి కాలేజీ సీటు కోసం వచ్చారట, పులిహోర పెట్టారు. కొత్త సంవత్సరం నాడు తెల్లవారుజామున ఇక్కడ ప్రార్థన పెడతారు, అప్పుడు రండమ్మా, చలిలో బాగుంటుంది అన్నారు. అమ్మ "బతికుంటే వస్తాంలే" అంది, మామూలుగా పెద్దవాళ్ళు అనే మాటే, కానీ ముగ్గురం గతుక్కుమన్నాం.

కొండమీద అమ్మ పెద్దగా ప్రార్థన చేయలేదు. ఊరు చూస్తూ కూర్చుంది. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అని 121వ కీర్తన మొదలుపెట్టి సగంలో ఆపేసి, మోకాళ్ళు పట్టేశాయి దిగుదాం పదండి అంది. నాకు కొంచెం నిరాశే కలిగింది, ఒప్పుకోవాలి, ఇంత దూరం వచ్చాక ఏదో ఒకటి జరుగుతుందని మనసులో ఒక మూల ఉంటుంది కదా.

మధ్యాహ్నం భోజనం చేసి కొత్తపట్నం రోడ్డు పట్టాం. తమ్ముడికి సముద్రం కావాలి, అమ్మకి కాలువ కావాలి. బీచ్‌కి పోయే దారిలో బకింగ్‌హాం కాలువ దాటాలి. చాలామందికి అదొక మురికి కాలువ, వంతెన మీద బండి ఆపి చూసేంత ఏముందని. అమ్మ ఆపించింది.

ధాత కరువు అని మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇంకా అంటుంటారు, 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది ఆకలితో, కలరాతో పోయిన కరువు. మా వాడలవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, చచ్చిన పశువుల తోలు, చెప్పులు కుట్టడం, రైతుల కళ్ళాల్లో దొరికే గింజలు, ఇదీ బతుకు, వాన లేకపోతే అన్నీ ఒకేసారి పోతాయి. సర్కారు అప్పుడు కరువు పని కింద ఈ కాలువలో కొంత భాగం తవ్వించింది. క్లౌ దొర కుర్రతనంలో సర్వే పని చేసినవాడు, అందులో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మా అమ్మమ్మ వాళ్ళ పెద్దలు ఆ కాలువలో మట్టి మోశారని ఇంట్లో చెప్పుకునే మాట. మిగతా చోట్ల తిట్లూ దెబ్బలూ ఉండేవట, ఇక్కడ సాయంత్రానికి కూలి చేతికొచ్చేదట, పలుగు ఆపి కూర్చున్నప్పుడు బోధకులు పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళట. ప్రయాసపడి భారం మోసేవాళ్ళారా రండి అని యేసు పిలిచిన మాట, నెత్తిన మట్టి తట్ట ఉన్నప్పుడు విన్నవాళ్ళు వాళ్ళు. ఏసీ హాల్లో విన్న మేము దాన్ని గోడకి క్యాలెండర్ చేసుకున్నాం.

ఆ కథలో నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటి ఉంది. కరువు నడుస్తున్నంత కాలం జనం బాప్తిస్మం ఇమ్మని వచ్చి అడిగినా క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఆపాడు. అన్నం కోసం చేరారు అనే మాట రాకూడదని, రేపు సాయం ఆగిపోతే వీళ్ళు ఉంటారో లేదో అని. ఈ రోజుకీ మమ్మల్ని "గోధుమ పిండి కోసం మారినోళ్ళు" అని ఎగతాళి చేసేవాళ్ళు ఉన్నారు, స్కూల్లో నేనూ పడ్డాను. కూలి గింజలు అయిపోయాక, సాయం ఆగిపోయాక, అప్పుడు వేలమంది వచ్చారు అన్న సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పరు.

వాళ్ళు వచ్చిన చోటు వెల్లంపల్లి. ఒంగోలు నుంచి ఉత్తరంగా హైవే మీద మద్దిపాడు వైపు పోతే గుండ్లకమ్మ ఒడ్డున ఉంటుంది. 1878 జులై 3న ఆ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దొర స్వయంగా నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం ఆపి మళ్ళీ సాయంత్రం దాకా ఇచ్చారు. ముందురోజూ తర్వాతి రోజూ కూడా కలిపితే మూడు వేల ఐదొందలు దాటుతారు. ఇందులో ఎక్కువమంది మాదిగలే. అంతకు పదేళ్ళ ముందు, 1860లలో, తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే తోలు వ్యాపారి నడిచి వచ్చి చేరడంతో ఈ దారి తెరుచుకుంది. మాదిగలని చేర్చుకుంటే మేం రాం అని పై కులాలవాళ్ళు బడి మానేసినా క్లౌ దంపతులు వెనక్కి తగ్గలేదు.

మేం పోయేసరికి సాయంత్రం నాలుగున్నర. ఏట్లో నీళ్ళు ఒక పక్కగా పారుతున్నాయి, మిగతాదంతా ఇసక, తుమ్మ చెట్లు, గేదెలు. ఇసకలో చెప్పులు కూరుకుపోతుంటే తమ్ముడు అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. నీళ్ళ దగ్గర ఒక రాయి మీద కూర్చోబెట్టాం. గేదెలు కాసుకునే పెద్దాయన దగ్గరికొచ్చి "యా ఊరు?" అన్నాడు. నెల్లూరు అని చెప్తే, "ప్రార్థనకా? చేసుకోండమ్మా, అవి ఏమీ అనవులే" అని గేదెల్ని అటు తోలుకుపోయాడు.

అమ్మ అప్పుడు కళ్ళు మూసుకుని, పైకే, మామూలు గొంతుతో మొదలుపెట్టింది. ఎప్పుడూ చేసే ప్రార్థన నాకు కంఠతా వచ్చు, స్తోత్రాలతో మొదలై మా అందరి పేర్లూ వరసగా వచ్చి ఆమెన్‌తో ముగుస్తుంది. ఇది అలా లేదు. "ప్రభువా, నాకు భయంగా ఉంది" అంది. "చావంటే కాదు, నొప్పంటే భయం. జుట్టు ఊడిపోతే అందరూ చూస్తారని భయం. డబ్బులు చాలకపోతే పిల్లోళ్ళు అప్పులు చేస్తారని భయం. వదినకి చెప్పలా, పిల్లలకి చెప్పలా, నీకు చెప్తన్నా." తర్వాత చాలాసేపు ఏడ్చింది. మేమిద్దరం ఏం చేయాలో తెలియక ఇసకలో కూర్చుండిపోయాం. తమ్ముడు, ఆదివారం చర్చికి రమ్మంటే క్రికెట్ అని తప్పించుకునేవాడు, అమ్మ పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

నేను ఆ కాసేపూ గెత్సేమనే తోట గురించి ఆలోచించాను. యేసుకే ఆ రాత్రి భయమేసింది, ఈ గిన్నె నా దగ్గర్నించి తీసెయ్యమని తండ్రిని అడిగాడు, మీరు కాస్త మెలకువగా ఉండండ్రా అని శిష్యుల్ని బతిమాలుకున్నాడు, వాళ్ళు నిద్రపోయారు. సువార్తల్లో ఇంత స్పష్టంగా రాసి ఉంటే, భయం వేసినవాళ్ళకి విశ్వాసం తక్కువ అని మనవాళ్ళు ఎక్కడ చదువుకున్నారో నాకు అర్థం కాదు. దాచుకోవాల్సిన అవసరం లేని చోటు అమ్మకి ఒకటి దొరికింది. అంతకుముందు కూడా ఉందేమో, మా అందరి ధైర్యవచనాలూ అడ్డం పడి ఆమె అక్కడికి పోలేకపోయి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో టంగుటూరు టోల్ దగ్గరికి వచ్చేలోపే అమ్మ నిద్రపోయింది, నోరు తెరుచుకుని, గురక పెట్టి. ఆ రాత్రి ఇంట్లో కూడా పడుకుంది. తర్వాత అన్ని రాత్రులూ అలా లేవు, రిపోర్టు వచ్చిన రోజు ఎవ్వరం పడుకోలేదు. కానీ ఇప్పుడు భయమేస్తే నన్ను లేపుతుంది. "ఏమే, లే, భయంగా ఉంది, కాసేపు కూర్చో" అంటుంది. టీ పెట్టుకుని కూర్చుంటాం, ఒక్కోసారి కీర్తనల పుస్తకం తీసి రాగం తప్పుగా పాడుకుంటాం, ఒక్కోసారి ఏమీ చేయం.

వెల్లంపల్లి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున అత్త మామూలుగానే ఫోన్ చేసింది. అమ్మ స్పీకర్ ఆన్ చేసింది. "వదినా, నాకు భయంగానే ఉంది. ప్రభువుకి చెప్పా, నీకూ చెప్తన్నా. ప్రార్థన చేస్తానంటే ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి, ఫోన్లో చెప్పొద్దు. వచ్చేటప్పుడు చేపల పులుసు పెట్టుకోని రా, నాకు నోరంతా చప్పగా ఉంది." అవతల కాసేపు మాట లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక అత్త స్టీలు క్యారియర్‌తో ఆటో దిగింది. పులుసులో మామిడికాయ వేసింది, చాలా బాగుంది. ప్రార్థన మాత్రం ఎప్పటిలాగే పొడుగైంది, తమ్ముడు మధ్యలో లేచి అన్నం పెట్టుకున్నాడు.