జలుబుకు టీకా ఏమిటి?

2024 దాకా మా ఇంట్లో ఫ్లూ టీకా మాట వచ్చినప్పుడల్లా మా అమ్మ "జలుబుకు టీకా ఏమిట్రా, విడ్డూరం కాకపోతే!" అని కొట్టిపారేసేది. నేను పైకి నవ్వి ఊరుకున్నా, లోలోపల ఆవిడ మాటే సబబని అనుకునేవాణ్ణి. ఆ తప్పు మా ఇద్దరిదే కాదు, కొంత మన మాటతీరుది కూడా అని ఇప్పుడు అనిపిస్తోంది. ముక్కు కారినా, గొంతు గరగరలాడినా, మూడు రోజులు మంచం మీద నుంచి లేవలేకపోయినా, అన్నింటినీ మనం జలుబనో పడిశమనో రొంప అనో అంటాం. జ్వరం ఎక్కువైతే "వైరల్ అట" అని ఒక ముక్క కలుపుతాం. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అనే ఛలోక్తి ఉండనే ఉంది. ఇన్‌ఫ్లుయెంజాకు, అంటే ఈ ఫ్లూకు, మన నోట విడిగా ఒక పేరు లేకపోవడంతో దాన్ని కూడా ఆ గంపలోనే పడేశాం. మిరియాల కషాయంతో పోయేదానికి ఏటా రెండు వేలు పోసి సూది పొడిపించుకోవడమేమిటని ఒకసారి అనుకున్నాక, ఇక ఆలోచించవలసిన ప్రశ్నంటూ ఏదీ మిగలదు.

విజయవాడను బుడమేరు ముంచెత్తిన ఆ 2024 సెప్టెంబరులోనే, తెనాలిలో ఉన్న మా నాన్నగారికి ఒక సాయంత్రం ఉన్నట్టుండి చలి పుట్టింది. ఆయనకు 71 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా షుగరు ఉంది, గుండెలో ఒక స్టెంటు కూడా ఉంది. మామూలు జలుబు ముక్కులో మొదలై నింపాదిగా పాకుతుంది. ఇది మాత్రం గడియారం చూసి చెప్పగలిగినట్టు వచ్చింది: ఏడు గంటల వార్తలు మొదలైనప్పుడు బాగానే ఉన్న మనిషి, అవి ముగిసేసరికి దుప్పటి అడిగారు. రాత్రికి 103 డిగ్రీల జ్వరం, నడుము విరగ్గొట్టినట్టు ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు. మరునాడు వీధి చివరి క్లినిక్‌లో ఒక ఇంజెక్షను పొడిచి, యాంటీబయాటిక్ రాసి పంపించారు. యాంటీబయాటిక్ బాక్టీరియా మీద పని చేస్తుంది గాని వైరస్ మీద పని చేయదని నాకు తెలియక కాదు, ఆ పూట అడగాలని తోచలేదు. మూడో రోజు నేను హైదరాబాదు నుంచి వెళ్లేసరికి ఆయన ఒక్కో మాట మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. వేలికి పెట్టే ఆక్సిమీటరు 89 చూపించింది. గుంటూరు ఆసుపత్రిలో ముక్కులోకి పొడవాటి పుల్ల పెట్టి తీసిన నమూనాలో ఇన్‌ఫ్లుయెంజా ఎ అని తేలింది. ఒసెల్టామివిర్ అనే మందు జ్వరం మొదలైన 48 గంటల లోపు ఇస్తే ఎక్కువ ఫలితం ఉంటుందని, ఆ గడువు అప్పటికే దాటిపోయినా ఇంతటి జబ్బులో ఇవ్వడమే మంచిదని డాక్టరుగారు చెప్పి మొదలుపెట్టారు. ఐదు రోజులు ఆక్సిజన్, ఎన్నడూ లేనంతగా పెరిగిన షుగరుకు ఇన్సులిన్. ఇంటికి వచ్చాక కూడా రెండు నెలలపాటు మేడ మీది మొక్కలకు నీళ్లు పోయడానికి ఆయన మెట్లెక్కలేకపోయారు; కరివేపాకు మొక్క ఒకటి ఎండిపోయింది కూడా.

ఇంటికి పంపించే కాగితం మీద చివరి వరుసలో "ఏటా ఫ్లూ టీకా" అని రాసి ఉంది. కారణం అడిగితే, ఊపిరితిత్తుల కంటే ముందు గుండె గురించే చెప్పారు. 2018లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు వైద్య రికార్డులను పరిశీలించిన అధ్యయనం ఒకటి, పరీక్షలో ఫ్లూ అని తేలిన తరువాతి ఏడు రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం మిగతా రోజులతో పోలిస్తే సుమారు ఆరు రెట్లు ఉందని కనుగొంది. స్టెంటు ఉన్న మనిషి విషయంలో ఆ ఒక్క అంకె చాలు. నాన్నగారికి వేయించాలా వద్దా అనే ప్రశ్న అక్కడే, ఆసుపత్రి బిల్లుల కౌంటరు ముందే తీరిపోయింది. తీరనివి మూడు: ఎప్పుడు వేయించాలి, అమ్మను ఎలా ఒప్పించాలి, ఏ జబ్బూ లేని నలభై నాలుగేళ్ల నాకు అది అవసరమా.

ఎప్పుడు అనేది నేను అనుకున్నంత చిన్న ప్రశ్న కాదు. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు అక్టోబరులో ఫోను చేసి, తాను మందుల షాపులోనే వేయించుకున్నానని, నాన్నగారికి కూడా వెంటనే వేయించమని తొందరపెట్టింది. వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే. అక్కడ ఫ్లూ చలికాలపు జబ్బు, అక్టోబరు నుంచి మార్చి వరకు దాని కాలం. మన దగ్గర అది ప్రధానంగా వానలతో వస్తుంది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెరిగి, తగ్గి, జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి తల ఎత్తుతుంది. టీకా వేసిన రెండు వారాలకు గాని రక్షణ పూర్తిగా ఏర్పడదు, ఆ తరువాత నెలలు గడిచేకొద్దీ అది సన్నగిల్లుతుంది. అక్టోబరులో వేయించుకున్న టీకా బలమంతా మరుసటి వానాకాలం వచ్చేసరికి చాలావరకు కరిగిపోయి ఉంటుందన్నమాట. ఏడాదికి ఒక్కసారే వేయించుకునే వారికి మన ప్రాంతంలో మే నెల, ఆలస్యమైతే జూన్ తొలి రోజులు అనువైనవని డాక్టరుగారు చెప్పారు. జనవరి విడత కోసం అప్పటికప్పుడు వేయించినా తప్పు లేదనీ ఆయనే అన్నారు. ఆ మాట పట్టుకుని నవంబరులో ఒక మందుల దుకాణానికి వెళితే, అడుగున ఉన్న పెట్టె ఒకటి తీసి ఇచ్చారు. గడువు తేదీకి మూడు వారాలు కూడా లేదు, పైగా అది అంతకు ముందటి సీజనుది. చూపించి అడిగితే "గడువు దాటలేదు కదండీ" అన్నారు. పాలప్యాకెట్టు తేదీ చూసుకుని కొనే నేను ఆ పెట్టె వెనక్కి ఇచ్చేసి ఇంటికి వచ్చాను.

అసలు ఆ పెట్టె మీద ఏముంటుందో చదవడం అప్పుడే నేర్చుకున్నాను. మనం ఉత్తరార్ధగోళంలోనే ఉన్నా, మేము మే నెలలో వేయించుకోబోయే టీకాకు వర్తించేది దక్షిణార్ధగోళపు జాబితా. 2025లో దానికోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన వైరస్‌ల పేర్లు ఇలా ఉన్నాయి: ఎ/విక్టోరియా/4897/2022, ఎ/క్రొయేషియా/10136ఆర్‌వి/2023, బి/ఆస్ట్రియా/1359417/2021. మొదటిది రకం, తరువాత అది దొరికిన ఊరో దేశమో, ఆపైన ప్రయోగశాల సంఖ్య, చివర సంవత్సరం. మన కోర్టు కేసుల నంబర్లలాగే. వైరస్ పైపొర ఏటా కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది కనుక, ఆ సంస్థ ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో ఈ జాబితాను మారుస్తుంది. ఆ పాత సీజను పెట్టె వద్దనడానికి కారణం అదే. ఇందులో విక్టోరియా పేరున్నది హెచ్1ఎన్1, అంటే 2009లో మనమంతా స్వైన్ ఫ్లూ అని వణికిపోయిన దాని సంతతే. దేశంలో ఆ జబ్బు మొట్టమొదట 2009 మే నెలలో హైదరాబాదులోనే బయటపడింది కాబట్టి ఆ రోజుల మాస్కులు నాకు బాగా గుర్తు. దానికి వేరే టీకా ఏదో ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కర్లేదు, ఇదే పెట్టెలో అదీ ఉంటుంది. మూడు రకాల టీకా కంటే నాలుగు రకాలది మంచిదన్న వాదన కూడా పాతబడింది. ఆ నాలుగోది యమగాటా అనే బి వైరస్; 2020 మార్చి తరువాత అది సహజంగా సోకిన దాఖలా ఎక్కడా నిర్ధారణ కాలేదు కాబట్టి ఇక చేర్చనవసరం లేదని ఆ సంస్థే చెప్పింది.

ఇక అమ్మ. ఈ టీకాల్లో అధిక భాగం కోడిగుడ్లలో తయారవుతాయి. పొదగడానికి పనికివచ్చే గుడ్లలో వైరస్‌ను పెంచి, దాన్ని తీసి, రసాయనంతో చంపి, ముక్కలు చేసి, శుద్ధి చేస్తారు. గుడ్డు వేశారేమోనని పుట్టినరోజు కేకును కూడా ముట్టని మనిషి మా అమ్మ. ఏకాదశి నాడు ఆవిడ వంటింట్లోకి మేమే సరిగా వెళ్లం. చెప్పకుండా వేయించేద్దామని మా బావగారు సలహా ఇచ్చారు. ఆయన ఉద్దేశం మంచిదే గాని, అరవై ఆరేళ్ల మనిషి ఒంట్లోకి ఏం వెళుతుందో ఆవిడకు చెప్పకపోవడం నాకు నచ్చలేదు. తయారీ అంతా చెప్పాను. విని, రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడో రోజు పూలు కడుతూ, తలెత్తకుండానే, "మీ నాన్నగారు మింగే ఆ గొట్టాల మాత్రలు దేనితో చేస్తారో ఎప్పుడైనా అడిగావా?" అంది. జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసే జెలటిన్‌తో అని చెప్పాను. "మరి పదేళ్లుగా నా చేత్తోనే ఇస్తున్నాను కదరా, దీనికి మాత్రం మడి ఏమిటి? మందు పుచ్చుకునేటప్పుడు విష్ణువును తలచుకోమన్నారు గాని, అది ఎక్కడిదని ఆరా తీయమనలేదు" అని తేల్చేసింది. అంత సులువుగా తెమిలిపోతుందని నేను అనుకోలేదు.

భయపెట్టినవారు మరొకరు, మా బాబాయిగారు. 2025 జనవరిలో పుణెలో గులియన్ బారీ సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ చచ్చుబడే జబ్బు) కేసులు వరుసగా వచ్చినప్పటి నుంచి ఆయనకు ప్రతి టీకా మీదా అనుమానమే. పుణెలో అనుమానం ప్రధానంగా పడింది కలుషితమైన నీటి మీద, కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా మీద. దానికీ ఈ టీకాకూ సంబంధం లేదు. అయితే ఆయన భయం పూర్తిగా గాలిలోంచి పుట్టినదీ కాదు. 1976లో అమెరికాలో వేసిన ఒక స్వైన్ ఫ్లూ టీకా వల్ల సుమారు లక్ష మందికి ఒకరి చొప్పున ఆ సిండ్రోమ్ అదనంగా కనిపించింది, ఆ కార్యక్రమాన్ని ఆపేశారు కూడా. ఇప్పటి టీకాలతో అలాంటి ముప్పు ఉన్నా పది లక్షల మందికి ఒకరిద్దరికి మించదని అంచనా. ఫ్లూ జబ్బు వల్ల కూడా అదే సిండ్రోమ్ రావచ్చు. ఇదంతా ఫోనులో చెబితే ఆయన "సరేలే, మీ ఇష్టం" అన్నారు. ఒప్పుకున్నారని నేను అనుకోవడం లేదు.

నా సంగతే అన్నింటి కంటే ఎక్కువగా తేలలేదు. టీకాలోని వైరస్‌కూ ఊళ్లో తిరిగే వైరస్‌కూ బాగా పొంతన కుదిరిన సంవత్సరాల్లో కూడా, డాక్టరు దగ్గరికి వెళ్లవలసినంత ఫ్లూను ఈ టీకా నూటికి నలభై నుంచి అరవై శాతం మేరకే తగ్గిస్తుంది. వృద్ధుల్లో అది ఇంకా తక్కువగా ఉండవచ్చు. మశూచిని ఊడ్చేసిన టీకాతో దీనికి పోలిక లేదు. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ లాంటి వాటిని ఇది తాకదు. అందుకే "టీకా వేయించుకున్నా రొంప పట్టింది" అనే ఫిర్యాదు ఎప్పటికీ తగ్గదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సార్వత్రిక టీకాల జాబితాలో ఇది లేదు, డబ్బు మన జేబులోంచే పోవాలి. నా ఒక్కడి ఒంటి కోసమే అయితే, నిజం చెప్పాలంటే, నేను వేయించుకునేవాణ్ణి కాదు. కానీ ప్రతి రెండో శనివారం కిక్కిరిసిన రైలులో తెనాలి వెళ్లి, నాన్నగారి మంచం పక్కనే కూర్చుని ఆయన కాళ్లు పట్టేది నేనే. వయసు వల్ల టీకా ఆయనలో ఎంత బలహీనంగా పని చేస్తే, ఆయన దగ్గరికి వెళ్లే మాలో అది అంత అవసరమవుతుంది. మా ఏడేళ్ల అబ్బాయి బడి నుంచి ఏడాది పొడవునా ఏదో ఒకటి మోసుకొస్తూనే ఉంటాడు, సెలవులిస్తే చాలు తాతగారి ఒళ్లో ఉంటాడు. ఈ లెక్క వేసుకున్నాక నా ప్రశ్న కూడా తేలింది.

2025 మే నెల ఆఖరి ఆదివారం తెనాలిలో అందరం కలిసి వేయించుకున్నాం. ఈసారి ముందుగా ఫోను చేసి ఆ ఏటి సరుకు వచ్చిందో లేదో కనుక్కున్నాను. టీకాను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. కరెంటు కోతలున్న ఊళ్లో జెనరేటరు ఉందా అని అడగడం చాదస్తం కాదనే నా అభిప్రాయం. నర్సమ్మ సిరంజిని అరచేతుల మధ్య కాసేపు దొర్లించి చల్లదనం పోగొట్టి, అర మిల్లీలీటరు భుజం కండలోకి ఎక్కించింది. నాన్నగారికి ఏమీ తెలియలేదు. నాకు రెండు రోజులు చెయ్యి లాగింది. అమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదిపింది, విష్ణువునే తలచుకుని ఉంటుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి వేయించినప్పుడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి కనుక, మా అబ్బాయికి జూన్ 22న ఇంకొకటి వేయించవలసి వచ్చింది. ఆ సంగతి వాడికి ఆ రోజు చెప్పలేదు.